బీఎస్సీ నర్సింగా, జీఎన్ఎమ్మా? ముందు మంచాలు లెక్కపెట్టండి

మా అక్క కూతురి చేతిలో ఇప్పుడు రెండు సీట్లున్నాయి. ఒకటి ఊరవతల హైవే పక్కనున్న ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్, మేనేజ్‌మెంట్ కోటా. రెండోది జిల్లా ఆస్పత్రిని ఆనుకునే ఉన్న ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా. బావగారు ఫోన్ చేసి, "ఇన్నేళ్లుగా అందులోనే ఉన్నావు కదమ్మా, ఏది వేయమంటావు?" అన్నారు. వెనకనుంచి అక్క గొంతు వినబడుతూనే ఉంది: "డిగ్రీ అనే చెప్పవే. డిగ్రీ లేదంటే రేపు సంబంధాలవాళ్లకి ఏం చెప్పుకుంటాం?"

నేను జీఎన్ఎం చదివి, ఆరేళ్లు వార్డుల్లో చేసి, ఆ తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే జీఎన్ఎం వాళ్ల కోసం ఉన్న డిగ్రీ చేశాను. అందుకే ఈ ప్రశ్న నాకు ఏటా జూన్, జూలైల్లో ఎవరో ఒకరు తెచ్చి ఒళ్లో పడేస్తారు. ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది కూడా రాసేస్తే ఇంకో నలుగురికి పనికొస్తుందని ఇదంతా.

ముందే ఒక మాట. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ సీటొచ్చినా, సొంతంగా పెద్ద ఆస్పత్రి ఉన్న ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాలో వచ్చినా ఇంక ఆలోచించక్కర్లేదు, చేరిపోవడమే. చిక్కల్లా మా అక్క కూతురిలాంటి వాళ్లకే: ఒక పక్క డిగ్రీ, ఇంకో పక్క ఆస్పత్రి.

కాగితం మీద బీఎస్సీదే పైచేయి. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండి 45 శాతం రావాలి. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ: తెలంగాణలో అయితే వరంగల్‌లోని కాళోజీ, ఆంధ్రలో అయితే విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. జీఎన్ఎం మూడేళ్ల డిప్లొమా, ఆఖరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. 40 శాతం ఉంటే చాలు, ఆర్ట్స్ గ్రూపు వాళ్లు కూడా చేరొచ్చు. జీఎన్ఎం ఎత్తేస్తారన్న మాట 2019 నుంచీ వింటున్నాం, అది మాత్రం నడుస్తూనే ఉంది. ఏది చదివినా చివరికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యేది ఒకే పేరుతో, రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని. వార్డులో పేషెంటు "సిస్టర్" అని పిలిచేటప్పుడు ఎవరేం చదివారో అడగడు.

ఇక అసలు సంగతి. ఓసారి మా లేబర్ రూముకి ఒక ప్రైవేటు కాలేజీ నుంచి బీఎస్సీ ఆఖరి సంవత్సరం పిల్లలు పోస్టింగుకి వచ్చారు. ఒకమ్మాయి రికార్డు బుక్కు తెరిచి చూస్తే ముచ్చటేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర ఇంకుతో మార్జిన్లు, తల్లి వయసు, ఎన్నో కాన్పు, బిడ్డ బరువు, మాయ ఎన్ని నిమిషాలకు పడింది, అన్నీ ఉన్నాయి. సరే, గ్లవ్స్ వేసుకోమన్నాను. మడిచిన అంచు పట్టుకోవాల్సింది పోయి, వేళ్ల దగ్గర పట్టి లాగింది. ఆ జత అక్కడితో చెత్తబుట్టకే. ఇంకో జత ఇచ్చి, తల్లి పొట్ట మీద చేయి పెట్టి బిడ్డ వీపు ఎటుందో చెప్పమంటే నా మొహం వంక చూసింది. తర్వాత మెల్లగా పక్కకొచ్చి, "మా కాలేజీ హాస్పిటల్లో కాన్పులు జరగవు మేడమ్, సీనియర్ల బుక్కులు చూసి రాశాం" అంది. తెలివైన పిల్లే. ఆ పదిహేను రోజుల్లో పని ఎంత ఆత్రంగా నేర్చుకుందో చూశాను. కానీ నాలుగేళ్ల ఫీజు కట్టింది పదిహేను రోజుల కోసం కాదు కదా.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆస్పత్రి ఉండాలి. వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురేసి పేషెంట్లు ఉండాలి. 60 సీట్ల కాలేజీ అంటే నాలుగు బ్యాచులు కలిపి 240 మంది. బోర్డు మీద పడకలు ఎన్నైనా రాసుకోవచ్చు, వాటిమీద మనుషులుండాలి. ఇన్‌స్పెక్షన్ రోజున మంచాలు నిండటం, మర్నాడు ఖాళీ అవడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లం వింటూనే ఉంటాం. జిల్లా ఆస్పత్రిలో ఆ బెంగ లేదు. మంచం దొరక్క కింద పరుపులు వేసే చోట నేర్చుకోవడానికి పని కరువా? అయితే అక్కడా ఒక ఇబ్బంది ఉంది. పిల్లల్ని స్టాఫ్ కొరతకి అతుకులా వాడుకుంటారు. ట్రాలీ తోయడం, శాంపిళ్లు ల్యాబుకి మోయడం నేనూ ఏడాది పాటు చేశాను, తిట్టుకుంటూనే.

ఉద్యోగాల దగ్గర ఒక్కో తలుపుకీ ఒక్కో తాళం. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష రాయాలి. బేసిక్ జీతం 44,900. బీఎస్సీ అయితే రిజిస్ట్రేషన్ కాగానే రాయొచ్చు. జీఎన్ఎం అయితే కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. వీధి చివర 30 పడకల నర్సింగ్ హోమ్ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. ఇది తెలియక రెండేళ్లు పోగొట్టుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ పోస్టుల్లో ఇంత పట్టింపు లేదు. తెలంగాణలో 2023లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు పరీక్ష పెట్టినప్పుడు రెండు రకాల వాళ్లూ రాశారు. పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. అలాంటి చోట ఏడాది ముందే కోర్సు ముగించి డ్యూటీలో చేరిన జీఎన్ఎం అమ్మాయికి కాస్త మొగ్గు.

మరోపక్క, డిగ్రీ లేనిదే తెరుచుకోనివీ ఉన్నాయి. మిలిటరీ నర్సింగ్ సర్వీసుకు జీఎన్ఎం చాలదు. ఎమ్మెస్సీ చేయాలన్నా, కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా బీఎస్సీ ఉండాల్సిందే. ఆంధ్రలో విలేజ్ క్లినిక్కుల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా) తీసుకున్నది బీఎస్సీ వాళ్లనే. అది కాంట్రాక్టు కొలువే అనుకోండి, పర్మనెంట్ చేయమని 2025లో రోడ్డెక్కారు కూడా.

ప్రైవేటు ఆస్పత్రుల గురించి ఎక్కువ చెప్పను. నాకు తెలిసి కొత్తగా చేరినవాళ్లకి చాలా చోట్ల 15 వేలు దాటడం లేదు. బీఎస్సీ అయితే ఒకటి రెండు వేలు ఎక్కువ, అంతే. సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన కమిటీ 2016లోనే 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నర్సుకు 20 వేలు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. చెప్పింది చెప్పినట్టే ఉంది.

ఇప్పటి పిల్లలు అడిగేది ఫారిన్ గురించే. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌కి మన రిజిస్ట్రేషన్, ఇంగ్లిష్ పరీక్ష ముఖ్యం. ఐఈఎల్‌టీఎస్‌లో 7, రైటింగ్‌లో మాత్రం 6.5 చాలు. లేదంటే వైద్యరంగం వాళ్లకుండే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో నర్సుల మొదటి జీతపు మెట్టు బ్యాండ్ 5లో చేరాక జీఎన్ఎం, బీఎస్సీ ఇద్దరిదీ ఒకటే జీతం. 2024 నుంచి అక్కడ బయటివాళ్లని తీసుకోవడం బాగా తగ్గిందని మాత్రం గుర్తుంచుకోవాలి. జర్మనీకి భాషే పెద్ద పరీక్ష. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ శిక్షణ ఇస్తోంది. అక్కడికి రెండు కోర్సుల వాళ్లూ వెళ్తున్నారు. మన చదువుకు గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి పని, ఆ జీతమే. సౌదీలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డిగ్రీ ఉంటే స్పెషలిస్టు, డిప్లొమా అయితే టెక్నీషియన్. అమెరికాకి అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసవడం ఒకెత్తు, మనవాళ్లకి గ్రీన్‌కార్డు వరుస ఏళ్లకేళ్లు సాగడం ఇంకో ఎత్తు. గల్ఫ్ మీదే గట్టి ఆశ ఉన్న పిల్ల అయితే నేను బీఎస్సీకే ఓటేస్తాను. మిగతా చోట్లకి చేతిలో పని, నోట్లో భాష ఉంటే చాలావరకు సరిపోతుంది.

డబ్బు లెక్క చిన్నదే. మేనేజ్‌మెంట్ కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. బావగారు అరెకరం అమ్ముతానంటున్నారు. ప్రభుత్వ స్కూల్లో స్టైపెండ్ ఎదురిస్తారు. జీఎన్ఎం తర్వాత పోస్ట్ బేసిక్ రెండేళ్లు, మొత్తం ఐదవుతుంది, బీఎస్సీ కన్నా ఏడాది ఎక్కువ. ఉద్యోగం వదలకుండా చేయాలంటే ఇగ్నోలో దూరవిద్యగా మూడేళ్లు. ఏదైనా ఆ డిగ్రీకి తన జీతంలోంచే కట్టుకోవచ్చు, పొలం అమ్మక్కర్లేదు.

నేను జీఎన్ఎం వైపే మొగ్గుతున్నానని చెప్పాను. కానీ నా మాట మీద కాదు, చూసొచ్చి నిర్ణయించుకోమన్నాను. మంగళవారం పొద్దున పదకొండింటికి, కాలేజీ వాళ్లకి చెప్పకుండా, ఆ ప్రైవేటు ఆస్పత్రిలోకి పేషెంటు బంధువులా వెళ్లి వార్డులు తిరగమన్నాను. లేబర్ రూము ఎక్కడుందని అటెండర్ని అడగమన్నాను.

సాయంత్రం అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, బోర్డు మీద 150 పడకలు. మూడు వార్డులు చూశా. పదిహేడు మంది ఉన్నారు. లేబర్ రూముకి తాళం వేసుంది."

అక్క ఇంకా డిగ్రీ అనే అంటోంది. సర్టిఫికెట్ల పరిశీలన శుక్రవారం. ఎటు చేరినా ఒరిజినల్స్ చేతికివ్వకముందే మూడేసి సెట్లు జెరాక్స్ తీయించి, ఇచ్చినట్టు రసీదు రాయించుకోమన్నాను. చదువయ్యాక ఇక్కడే పనిచేస్తానని బాండు రాయమంటే సంతకం పెట్టొద్దన్నాను. సర్వీస్ బాండు కుదరదని కౌన్సిల్ 2011లోనే చెప్పింది.