ఒంగోలు కోడె కొనాలంటే చూడాల్సిన ఫారం

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో ఉన్న ఈ ఒంగోలు పశువుల ఫారంలో మా మందకు కోడెను కొన్నాను. ధర ఎక్కువే, అయినా కొన్నందుకు సంతోషంగా ఉంది. ఇక్కడ కొమ్ములకు రంగు పూసి నిలబెట్టరు. పేడ మరకలతోనే బయటికి తెచ్చి, నడిపించి చూపిస్తారు.

నేను ఎంచుకున్నది రెండు పళ్ల కోడె, అంటే పాలపళ్లు ఊడి రెండు శాశ్వత పళ్లు వచ్చినది. పొట్టి కొమ్ములు, వెడల్పు నుదురు, కాటుక దిద్దినట్టు కంటి చుట్టూ నలుపు, మడతలు పడి వేలాడే గంగడోలు. మూపురం ఏ పక్కకూ ఒరగలేదు. నడకలో తడబాటు లేదు. యజమాని టేపు తెచ్చి వృషణాల చుట్టుకొలత కూడా కొలిచి చూపించారు. అది అడగడానికి మన రైతులు మొహమాటపడతారు. పడకూడదు. ఆబోతు వీర్య సామర్థ్యం తెలిసేది అక్కడే, దాని కూతుళ్లు త్వరగా ఎదకు రావడానికీ ఆ కొలతతో సంబంధం ఉంది.

లోటల్లా కాగితాల్లోనే. వంశావళిలో తల్లి, తండ్రి తప్ప పై తరాలు లేవు. పాలు మాన్పించినప్పటి బరువు రాయలేదు. తెల్లగా ఉన్నంత మాత్రాన జాతి శుద్ధమని ఎలా నమ్మాలి? మన ఒంగోలు పశువులే బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో అక్కడి మాంస పరిశ్రమకు ఆధారమయ్యాయి. 1960ల్లో వెళ్లిన కరవది అనే ఆబోతు సంతతిని వాళ్లు తరాల వెంట నమోదు చేసుకున్నారు. పుట్టినింట్లో తాత పేరైనా ఉండాలి కదా!

వెళ్లేవారు బేరానికి ముందే తల్లి ఆవును చూపించమనండి, కాదనరు.