మార్చిలో పులికాట్: వెళ్లిపోయే పిట్టల కోసం

పులికాట్ సరస్సు అనగానే అందరికీ జనవరే గుర్తొస్తుంది. పక్షుల పండుగ, స్టాళ్లు, బస్సులు, ఫ్లెమింగోల ముందు సెల్ఫీలు. నేనూ మూడుసార్లు ఆ రోజుల్లోనే వెళ్లాను. ఈసారి మాత్రం మార్చి రెండో వారంలో నేనూ, మా బావమరిదీ రెండు రాత్రులకు బయలుదేరాం. కారణం, పక్షులు చూసే మిత్రుల నుంచి వచ్చిన ఒక్క మెసేజ్: "సూళ్లూరుపేట దగ్గర చెరువులో బార్ హెడెడ్ గూస్, వందకు పైనే."

మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చే బాతులివి. 7,000 మీటర్లకు పైన కూడా ఎగిరినట్టు వీటికి కట్టిన ట్రాకింగ్ పరికరాల్లో నమోదైంది. అలాంటివి మన చెరువు గట్టున గడ్డి మేస్తున్నాయంటే ఎవరు ఆగుతారు?

తెల్లారేసరికి గట్టు మీద ఉన్నాం. చెరువులో రెండు తెల్లకొంగలు, నాలుగు గేదెలు. గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన మా బైనాక్యులర్లు చూసి నవ్వాడు. "మొన్న రావాల్సింది సార్. రాత్రికి రాత్రే లేచిపోయినాయి." మెసేజ్ మళ్లీ తీసి చూశాను. పంపింది నిన్న, కానీ చూసింది ఎప్పుడో అందులో లేదు. పంపిన మిత్రుణ్ణి అడిగితే తేలింది, ఆయన చూసింది నాలుగు రోజుల కిందట! డిసెంబర్‌లో అయితే నాలుగు రోజులు ఆలస్యమైనా పెద్ద తేడా ఉండదు, అవి అక్కడే మేస్తుంటాయి. మార్చిలో ఒక్క రాత్రి చాలు. (చెరువు పేరు కావాలనే రాయడం లేదు. వచ్చే ఏడాది అవి మళ్లీ రావాలి కదా.)

ఆ నిరాశ మీద నేలపట్టు వెళ్లాం. దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే కొద్ది దూరమే. 1976 నుంచి అభయారణ్యం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. జనవరిలో గూళ్ల మీద తెల్లటి ముద్దల్లా కనిపించిన పిల్లలు ఇప్పుడు దాదాపు తల్లులంత అయ్యాయి. రెక్కలు ఆడిస్తాయి, కొమ్మ నుంచి ఒక అడుగు ఎగిరి మళ్లీ కంగారుగా కొమ్మ పట్టుకుంటాయి. పెద్ద గూడబాతులు పెద్దగా అరవవు, గోలంతా పిల్లలదే. వాసన సంగతి కూడా చెప్పాలి. గాలి మన వైపు తిరిగిందంటే ముక్కు మూసుకోవాల్సిందే. కానీ ఆ రెట్టలు కలిసిన నీళ్లు పొలాలకు మంచి బలమని రైతులకు తెలుసు. ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి పోకపోవడానికి అదీ ఒక కారణం. నడవడానికి దారి బాగుంది, నీడ ఉంది, వ్యూపాయింట్ నుంచి గూళ్లు దగ్గరగా కనిపిస్తాయి. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారికి నా ఓటు నేలపట్టుకే. తాగే నీళ్లు, తిండి మాత్రం వెంట తీసుకెళ్లండి.

బస సూళ్లూరుపేటలో, స్టేషన్‌కు దగ్గర్లోని ఒక లాడ్జిలో. పండుగ రోజుల్లో గది దొరకడమే గగనం, మార్చిలో మనం అడిగిన గది ఇస్తారు. మంచం శుభ్రంగా ఉంది. వేడినీళ్లు ఉంటాయని ఫోన్‌లో చెప్పారు, తీరా వెళ్తే హీటర్ లేదు. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు షట్టర్ తియ్యమంటే అక్కడి కుర్రాడు విసుక్కోకుండా తీశాడు. పిట్టలు చూసేవాడికి వేడినీళ్ల కంటే అదే ముఖ్యం. చెన్నైలో దిగి లోకల్ ట్రైన్‌లో రావచ్చు కదా అని కొందరు అంటారు. రావచ్చు, కానీ మీరు చేరేసరికి ఎండెక్కుతుంది.

ఎండెక్కితే ఏమవుతుందో రెండో రోజు బాగా తెలిసింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు దాదాపు 20 కిలోమీటర్ల రోడ్డు, చాలామటుకు సరస్సు మధ్య నుంచే పోతుంది. మార్చికి నీళ్లు వెనక్కి తగ్గి, రోడ్డు పక్క బురద నెర్రెలిచ్చి, అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. పొద్దున వెళ్లేటప్పుడు సూర్యుడు సూటిగా కళ్లల్లోకి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కళ్లల్లోకే. తొమ్మిది దాటితే బురద మీద గాలి అలలు అలలుగా కదులుతుంది, దూరంగా ఉన్న ఫ్లెమింగోలు కాళ్లు లేకుండా గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తాయి. అప్పుడు వెయ్యి ఉన్నాయో రెండు వేలున్నాయో చెప్పేవాడు అబద్ధమే చెబుతున్నట్టు.

మేం మాట్లాడుకున్న కారు డ్రైవర్‌తో ఇంకో తలనొప్పి. పిట్ట కనిపించగానే రోడ్డు మధ్యలోనే బ్రేక్ వేస్తాడు, ఆపైన హారన్ కొడతాడు, "లేస్తే ఫొటో బాగా వస్తుంది సార్" అంటూ. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు జోరుగా తిరిగే రోడ్డది. రెండుసార్లు చెప్పి చూసి, చివరికి అటకానితిప్ప దగ్గర దిగిపోయి నడిచాం. దిగడమే మంచిదైంది.

అక్కడ గట్టుకు పాతిక అడుగుల దూరంలో ఉల్లంకి పిట్టల గుంపు. కర్ల్యూ శాండ్‌పైపర్లు. చలికాలమంతా ఇవి బూడిదరంగులో ఉంటాయి, ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. సైబీరియా ఉత్తరాన గుడ్లు పెట్టడానికి వెళ్లే ముందు ఇటుక రంగుకు తిరుగుతాయి. మా ముందున్న ఒక పిట్ట సరిగ్గా మధ్యలో ఉంది: మెడ, రొమ్ము ఎర్రగా, పొట్ట ఇంకా తెల్లగా, సగం జాజు పూసి వదిలేసిన గోడలా. వంగిన ముక్కును బురదలో కుట్టుమిషన్ సూదిలా గబగబా దించుతోంది. ఒళ్లు గుండ్రంగా, బరువుగా ఉంది. ప్రయాణానికి పోగేసుకున్న కొవ్వు అది. పక్కన ఒక గోల్డెన్ ప్లోవర్ పొట్ట కింద నల్లమచ్చలు మొదలయ్యాయి. మా బావమరిది పావుగంట బైనాక్యులర్లు దించలేదు. "బావా, జనవరిలో చూసిన పిట్టలు ఇవేనా?" అన్నాడు.

జనవరా, మార్చా అని అడిగితే, వేల ఫ్లెమింగోలు, జనం సందడి కావాలంటే జనవరికే వెళ్లండి. రంగులు, పిట్టల తొందర చూడాలంటే మార్చి. కాకపోతే ఆశించినది దొరకదన్న టెన్షన్‌కు సిద్ధపడి వెళ్లాలి. భీములవారిపాళెంలో బోటు షికారు ఉంది కానీ మేం ఎక్కలేదు. మోటారు చప్పుడుకు పిట్టలు లేచిపోతాయి.

సాయంత్రం లాడ్జి మెట్ల మీద కూర్చుని, చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో లిస్టు వేశాను. గాలి అలల్లో లెక్క తేలని ఫ్లెమింగోలకు అంకె బదులు ఎక్స్ పెట్టాను. ఈలోగా పక్షుల మిత్రుల్లో ఒకరు మెసేజ్ పెట్టి అడిగారు, రేపు బయలుదేరమంటారా, ఏముంటాయి అక్కడ అని. రేపటి సంగతి నేను చెప్పలేనని, చూసింది మాత్రం రాశాను: "అటకానితిప్ప, రోడ్డుకు ఉత్తరం వైపు. ఈరోజు ఉదయం 7.10 నుంచి 8.40. కర్ల్యూ శాండ్‌పైపర్ 140, అందులో ఎరుపెక్కినవి 30 దాకా. గోల్డెన్ ప్లోవర్ 11. బార్ హెడెడ్ గూస్ లేవు."