వేప మాను, తాటి మాను: చేవ ఎక్కడుంది?

రెండు కాండాల పనీ ఒకటే. ఆకుల్ని ఎండకు ఎత్తిపట్టాలి, దారువు గుండా నీళ్లు పైకి పంపాలి, పోషక కణజాలం గుండా ఆహారాన్ని మిగతా భాగాలకు చేర్చాలి. తేడా అంతా లోపలి అమరికలోనే.

వేప ద్విదళబీజ మొక్క, అంటే గింజలో రెండు బద్దలుంటాయి. దారువుకీ పోషక కణజాలానికీ మధ్య ఉండే పలుచని పొర కొత్త కణాల్ని చేరుస్తూ పోతుంది, అందుకే మాను ఏళ్ల తరబడి లావెక్కుతుంది. పాత దారువు నడిమధ్యన చేవగా మారుతుంది. చుట్టూరా బెరడు ఒలిచేస్తే దాంతోపాటే పోషక కణజాలమూ పోయి, వేళ్లకు ఆహారం అందక చెట్టు మెల్లగా చస్తుంది.

తాటిలో అంతా తిరగబడింది! ఇది ఏకదళబీజ మొక్క (గింజలో బద్ద ఒక్కటే), లావెక్కించే ఆ పొరే లేదు. నాళికాపుంజాలు, అంటే దారువూ పోషక కణజాలమూ కలిసిన కట్టలు, కాండమంతా చెదిరి, అంచున ఒత్తుగా ఉంటాయి. కాబట్టి చేవ బయట, మెత్తన లోపల. మన రైతులు ఆ మెత్తన తొలిచేసి నీళ్లు తోడే దోనెలు చేసుకున్నారు. ముదురు తాటి అంచు ఇంటి దూలాలైంది. వార్షిక వలయాలు ఉండవు కనుక నరికి చూసినా వయసు తెలియదు.

నా ఓటు తాటి కట్టుబడికే. కాకపోతే దానికి మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. వేప మాత్రం మోడు నుంచి కూడా మళ్లీ చిగురిస్తుంది.