నడుం పట్టేసిన సూపర్‌హీరో: మూడు కథల్లో ఏది మేలు?

వయసు మళ్లిన సూపర్‌హీరోల కథలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే చాలామంది రెండు పేర్లు చెప్తారు. రెండూ 1986లో డీసీ అనే అమెరికన్ కామిక్స్ కంపెనీ నుంచి మొదలైన కామిక్సే: ఫ్రాంక్ మిల్లర్ రాసిన బ్యాట్‌మన్ కథ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’, అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ కలిసి చేసిన ‘వాచ్‌మెన్’. నేను మాత్రం వీటి పక్కన 2004లో పిక్సర్ స్టూడియో నుంచి వచ్చిన యానిమేషన్ సినిమా ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ పెడతాను, మొదటి ఓటు కూడా దానికే. పిల్లల సినిమా కదా అని కొట్టిపారేయకండి.

నేను చూసేది ఒక్కటే: హీరో జుట్టు నెరిపించి వదిలేశారా, లేక ఆ వయసు వల్లే కథ నడుస్తోందా? మన సినిమాల్లో అరవై దాటిన హీరో కూడా పాతికేళ్ల కుర్రాడిలాగే పదిమందిని ఎగరేసి కొడతాడు కాబట్టి ఈ తేడా మనకి ఇంకా బాగా తెలుస్తుంది.

‘ఇన్‌క్రెడిబుల్స్’లో బాబ్ పార్ ఒకప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టిన మనిషి. ఆత్మహత్య చేసుకోబోయినవాణ్ని కాపాడితే, నన్నెందుకు కాపాడావని వాడే కోర్టుకెక్కాడు, ఆ తర్వాత కేసుల మీద కేసులు పడి చివరికి సూపర్‌హీరోలందరూ అజ్ఞాతంలోకి పోవాల్సొచ్చింది. పదిహేనేళ్లకి చూస్తే బాబ్ పొట్ట పెంచుకుని, ఇన్సూరెన్స్ ఆఫీసులో తన ఒళ్లు పట్టని క్యూబికల్‌లో కూర్చుని క్లెయిములు చూసుకుంటుంటాడు. అలాంటివాడికి ఒక దీవిలో అదుపు తప్పిన రోబోని ఆపమని రహస్యంగా పిలుపొస్తుంది. ఆ ఫైట్ మధ్యలో, సరిగ్గా బలం కావాల్సిన క్షణంలో, నడుం పట్టేస్తుంది. వంగినవాడు వంగినట్టే ఉండిపోతే రోబో పట్టుకుని రెండువైపులా లాగుతుంది, టక్కుమని నడుం సర్దుకుంటుంది, ఇక అక్కణ్నుంచి బాబ్‌ని ఆపడం ఎవరి తరం? నవ్వు, సాహసం, వయసు మూడూ ఆ ఒక్క దెబ్బలోనే ఉన్నాయి. నడుం నొప్పి తీసేస్తే ఆ సీనే లేదు. దర్శకుడు బ్రాడ్ బర్డ్ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

‘డార్క్ నైట్ రిటర్న్స్’ కూడా తక్కువదేం కాదు. యాభై అయిదేళ్ల బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మన్, పదేళ్లు పక్కన పెట్టిన ముసుగు మళ్లీ తగిలించుకుంటాడు. ‘మ్యూటెంట్లు’ అనే గ్యాంగ్ నాయకుడితో మొదటిసారి కుర్రాడిలా తలపడి చావుదెబ్బలు తింటాడు, పదమూడేళ్ల క్యారీ కెల్లీ అనే అమ్మాయి అడ్డుపడకపోతే అక్కడే అయిపోయేవాడు. రెండోసారి అదే మనిషిని బురదలోకి దింపుతాడు, ఎందుకంటే బురదలో కుర్రాడి వేగం పనిచేయదు. వయసుకి వచ్చే తెలివంటే ఇదీ! నాలుగు భాగాల్లో నాకు బాగా నచ్చినవి ఆ పేజీలే. కాకపోతే మిగతా కథంతా కోపం, రక్తపాతం, మధ్యమధ్యలో టీవీ చర్చలతో కిక్కిరిసిన చిన్నచిన్న గడులు. నవ్వు బాగా తక్కువ, కామిక్స్ చదివే అలవాటు లేకపోతే ఊపిరాడదు. పిల్లలకైతే ఇవ్వొద్దు.

‘వాచ్‌మెన్’ మూడింటిలోనూ లోతైనదే, 1988లో సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. పాత సూటూ, గుడ్లగూబ ఆకారంలో ఉన్న విమానమూ బేస్‌మెంట్‌లో దాచుకున్న మాజీ సూపర్‌హీరో డాన్ డ్రైబర్గ్ అంటే నాకు చాలా ఇష్టం. కానీ పన్నెండు భాగాల ఆ పుస్తకానికి అణుయుద్ధ భయం, రాజకీయం లాంటి పెద్ద బరువులున్నాయి, వయసు అందులో ఒక పాయ మాత్రమే. దాన్ని చివరికి ఉంచుకోండి.

‘ఇన్‌క్రెడిబుల్స్’ నచ్చింది కదా అని వెంటనే 2018లో వచ్చిన రెండో భాగానికి వెళ్లేవాళ్లకి ఒక మాట. రావడానికి పద్నాలుగేళ్లు పట్టినా, కథ మాత్రం మొదటిది ఆగిన చోటే మొదలవుతుంది, ఎవరికీ ఒక్క ఏడాది కూడా పెరగదు. బాబ్ ఇంట్లో పసివాడితో పడే పాట్లు నవ్విస్తాయి గానీ ఆ నడుం నొప్పి మనిషి అందులో దొరకడు. దాని బదులు మిల్లర్ బురద ఫైట్ వరకైనా చదవండి.