అవుట్‌డోర్ వైఫై కొంటున్నారా? షాపువాడి ఫోన్‌లో చూసి డబ్బు కట్టకండి

చెరువుల దగ్గరికో, తోటలోకో, మిల్లు ఆవరణలోకో అవుట్‌డోర్ యాక్సెస్ పాయింట్, అంటే ఆరుబయట వైఫై ఇచ్చే పెట్టె, పెట్టిద్దామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. అట్టపెట్టె మీద 500 మీటర్ల రేంజ్, 1200 ఎంబీపీఎస్ అని పెద్దక్షరాలతో ఉన్న ఒకదాన్ని భీమవరంలో ఒక షాపులో రూ. 7,500 పెట్టి తీసుకున్నాం. షాపు పేరు, కంపెనీ పేరు రాయను, ఒక పేరు రాస్తే మిగతావన్నీ మంచివే అనుకుంటారు.

బిగించడానికి షాపు మనిషే వచ్చాడు. డాబా మీద పైపుకి కట్టి, తన ఫోన్ పట్టుకుని మా రొయ్యల చెరువు గట్టు వెంట మకాం (చెరువు దగ్గర పనివాళ్లుండే పాక) దాకా నడిచాడు, దాదాపు 200 మీటర్లు ఉంటుంది. అక్కడ నిలబడి యూట్యూబ్ పెట్టి చూపించాడు, ఎక్కడా ఆగలేదు, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. అతని చేతిలో ఉన్నది అరవై వేల ఫోన్, మకాం దగ్గర రోజూ ఉండేది అది కాదు కదా.

మకాంలో మేత వేసే కుర్రాడిది పదివేల లోపు ఫోన్. చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించే పళ్లెం) పైకి లాగి, మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా లేదా అని వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం అతని పని. అసలు వైఫై పెట్టించిందే దాని కోసం. ఫోన్‌లో గీతలు ఫుల్, సినిమా పాటలు ఆగకుండా వస్తాయి, చెక్ ట్రే వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, మేత వేళ దాటిపోయాక ఎప్పుడో వస్తుంది. వీడియో కాల్ చేస్తే మన మాట వాళ్లకి వినపడుతుంది, వాళ్ల మాట మనకి ముక్కలు ముక్కలు.

ఇదేంటో తేలాలని మూడు ఫోన్లు ఒకేచోట, మేత బస్తాల మీద పక్కపక్కన పెట్టి చూశాను. కుర్రాడి ఫోన్‌లో సిగ్నల్ మైనస్ 76 డీబీఎం, నాదాంట్లో మైనస్ 70, మా బావ ఖరీదైన ఫోన్‌లో మైనస్ 66 (డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె సున్నాకి ఎంత దగ్గరుంటే అంత బలం). డౌన్‌లోడ్ మూడింట్లోనూ పని జరిగేంత వచ్చింది. అప్‌లోడ్, అంటే ఫోన్ నుంచి బయటికి పంపే వేగం దగ్గరే అసలు సంగతి బయటపడింది, బావ ఫోన్‌లో 9 ఎంబీపీఎస్, నాదాంట్లో 3, కుర్రాడి ఫోన్‌లో ఒకటి కూడా లేదు. అదే ఫోన్ చేత్తో అడుగుభాగం మూసి పట్టుకుంటే ఇంకా పడిపోయింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఈ పెట్టె 27 డీబీఎంతో, అంటే అర వాటుతో అరుస్తుంది, మామూలు ఫోన్ పంపేది 15 డీబీఎం దగ్గర్లో, అంటే 30 మిల్లీవాట్లు. గుడి మైకు ఊరవతలికి వినపడుతుంది గానీ, అక్కణ్నుంచి మనం అరిస్తే పూజారికి వినపడదు, అంతే. ఫోన్‌లో కనపడే గీతలు మనకి ఎంత వినపడుతోందో చెప్తాయి, మన మాట అటు చేరుతోందా అన్నది చెప్పవు. అందుకే 'హై పవర్' అని అమ్మేవాటిని చూసి మురిసిపోవద్దు, పవర్ పెంచితే గీతలు పెరుగుతాయి, అప్‌లోడ్ పెరగదు. గెయిన్ ఎక్కువున్న, అంటే సిగ్నల్‌ని ఒకవైపుకి కూడగట్టే యాంటెన్నా అయితే పంపడానికీ వినడానికీ రెండింటికీ పనికొస్తుంది, అడగాల్సింది దాని గురించి. పైగా చవక ఫోన్లలో చాలావాటికి వైఫై యాంటెన్నా ఒకటే, వైఫైకి వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో 5 కొన్నిట్లో అసలు ఉండదు, ఉన్నా అంత దూరంలో 2.4 కన్నా తొందరగా చచ్చిపోతుంది.

ఇక 1200 సంగతి. 2.4లో 300, 5లో 867, రెండూ కలిపి పైకి సర్దేసిన అంకె అది. మామూలు ఫోన్ రెండూ కలిపి అలా వాడుకోదు. దీనికున్న ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది, పెట్టె పక్కనే కూర్చున్నా 94, 95 దాటదు. మా కనెక్షన్ 200 ప్లాన్, సగానికి పైగా వృథా. గిగాబిట్ పోర్టా కాదా అని ముందే అడగండి.

కరెంటు విషయంలోనూ మోసమే. ఇంట్లో ఉన్న పీవోఈ స్విచ్‌కే (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది) పెట్టుకోవచ్చన్నారు. అది 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ప్రకారం 48 వోల్టులిచ్చే స్విచ్, ఈ డబ్బాది ఏ తనిఖీ లేకుండా 24 వోల్టులిచ్చే పాసివ్ పద్ధతి, పెడితే దీపం కూడా వెలగలేదు. అవతలి డబ్బా తనకి సరిపడేదా అని స్విచ్ ముందు తనిఖీ చేసి కరెంటు ఇస్తుంది కాబట్టి సరిపోయింది, తనిఖీ లేకుండా 48 వోల్టులు తోసే చవక ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే అడాప్టర్) అయితే డబ్బా కాలిపోయే ప్రమాదముండేది.

షాపుకెళ్లి అడిగితే 'ఓపెన్ ఏరియాలో 500 మీటర్లు సార్, కిందే రాసుంది' అన్నారు. చెరువు గట్టు కన్నా ఓపెన్ ఏరియా ఎక్కడుంటుందండీ, మధ్యలో అడ్డమొచ్చేవి కొంగలే! తర్వాత 'మీ ఫోన్లు పాతవి' అన్నారు. ఫోన్లు మార్చుకోవాలని అమ్మేటప్పుడు చెప్పలేదే.

కాబట్టి డెమో అడిగితే మీ దగ్గరున్న అన్నిటికన్నా నాసి ఫోన్ తీసుకెళ్లి, అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట నిలబడి, మొబైల్ డేటా ఆపేసి, వీడియో పంపి చూడండి. స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో సిగ్నల్ చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి, కాకపోతే ఆండ్రాయిడ్ 9 నుంచి స్కాన్లు రెండు నిమిషాలకు నాలుగే, నడుస్తూ చూస్తే పాత అంకెలే కనపడతాయి, ఒకచోట ఆగి చూడాలి. ఫలానా దూరంలో ఇంత అప్‌లోడ్ రాకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.

మాకైతే ఇప్పుడు డాబా మీదా మకాం మీదా ఎదురెదురుగా సీపీఈలు (రెండు చోట్లని వైఫైతో కలిపే యాంటెన్నా పెట్టెలు) పెట్టి, మకాంలో చిన్న రూటర్ తగిలించాం. కుర్రాడి ఫోన్ పదడుగుల్లోనే మాట్లాడుతోంది, చెక్ ట్రే వీడియో వెంటనే వస్తోంది. పాత డబ్బా డబ్బులు ఇంకా రాలేదు, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాను, బిల్లు, అట్టపెట్టె ఫోటో జతచేశాను.