చేతి కత్తా, హ్యాండిల్ తిప్పే డైనా, కరెంటు మెషినా: కార్డులకి, ఇంటి అలంకరణకి ఏది మేలు?

కటింగ్ మెషిన్ కొందామనుకుంటున్నాను, ఏది బాగుంటుంది అని అడిగినవాళ్ళకి నేను ఎదురు ప్రశ్న ఒకటి వేస్తుంటాను. ఒకే డిజైన్‌ని మీరు ఎన్నిసార్లు కోస్తారు? చాలామంది కాసేపు ఆలోచించి, ఒకసారే కదా అంటారు. పుట్టినరోజుకి ఒక కార్డు, పడకగది గోడ మీద ఒక మాట, పిల్లల గదిలో నాలుగు నక్షత్రాలు. అయితే ఒక కత్తి, మ్యాట్, స్టీలు స్కేలు కొనుక్కోండి చాలు అంటే మొహం చిన్నబోతుంది. కొనాలని అప్పటికే డిసైడైపోయి, ఊ కొట్టే మనిషి కోసం వెతుకుతుంటారు మరి.

కత్తి సంగతి ముందు తేల్చేద్దాం. పెన్నులాంటి పిడి, మొనదేలిన సన్నటి బ్లేడు, కింద గాటు పడినా మళ్ళీ పూడుకుపోయే కటింగ్ మ్యాట్. ఒక్కటంటే ఒక్క కార్డే చేయాలంటే చాలాసార్లు ఇదే గెలుస్తుంది, ఎందుకంటే అదే కార్డుకి ఫైలు వెతుక్కుని, సైజు సరిచేసుకుని, యాప్ అప్‌డేట్ అయ్యేదాకా ఎదురుచూసేలోపు చేత్తో కోసేయొచ్చు. పైగా చెయ్యి కాస్త అటూ ఇటూ అయిన చోట వచ్చే వంకరకి ఒక అందం ఉంటుంది, అది మెషిన్‌కి రాదు. కానీ రెండో కార్డు దగ్గర విసుగు, ఐదో కార్డు దగ్గర వేళ్ళు నొప్పి, పదో దానికి తప్పు. సన్నటి లేసులాంటి డిజైన్ చేత్తో కోయడమంటే నిజంగానే కత్తి మీద సాము. బ్లేడు మొద్దుబారకముందే మార్చేయండి. మొద్దు బ్లేడుని మనకి తెలీకుండానే గట్టిగా నొక్కుతాం, అది జారి వేలు తెగేది అప్పుడే.

ఇక హ్యాండిల్ తిప్పే డై మెషిన్. దీన్ని చాలామంది పాతకాలం వస్తువని చిన్నచూపు చూస్తారు గానీ, కార్డులు మాత్రమే చేసేవాళ్ళకి నా ఓటు కాస్త దీనివైపే ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. పదునైన స్టీలు అంచు ఉన్న డైని కాగితం మీద పెట్టి, పైనా కిందా ప్లాస్టిక్ పలకలు పేర్చి, రోలర్ల మధ్యలోంచి తిప్పితే ఆకారం తెగి బయటికొస్తుంది, అంతే. అదే మెషిన్‌లో ఎంబాసింగ్ ఫోల్డర్ (డిజైన్ అచ్చు ఉన్న ప్లాస్టిక్ మడత) పెడితే కాగితం మీద డిజైన్ ఉబ్బెత్తుగా తేలుతుంది, ఇళ్ళలో వాడే కరెంటు మెషిన్లు ఆ పని ఇంత బాగా చేయవు. కానీ డై ఏ సైజులో ఉంటే ఆకారం ఆ సైజే. రెండంగుళాల సీతాకోకచిలుక మూడంగుళాలు కావాలంటే ఇంకో డై కొనాలి. అలా ఒక్కొక్కటీ కొంటూ పోతే ముందు డబ్బా నిండుతుంది, తర్వాత అల్మరా. పేర్లు రాయాలన్నా, సొంతంగా గీసిన బొమ్మ కోయాలన్నా దీనితో పని జరగదు.

అక్కడే కరెంటు మెషిన్ అవసరం పడుతుంది. లోపల పెద్ద మాయేమీ లేదు, ప్రింటర్‌లో ఇంకు తీసేసి బ్లేడు పెట్టారనుకోండి. రోలర్లు కాగితం అంటించిన జిగురు మ్యాట్‌ని ముందుకీ వెనక్కీ లాగుతుంటాయి, బ్లేడు కుడికీ ఎడమకీ నడుస్తుంది. ఆ బ్లేడు కుర్చీ చక్రంలా తన ఇరుసు మీద తిరుగుతుంది, మొన ఇరుసుకి రవ్వంత పక్కకి ఉంటుంది, అందుకే గీత ఎటు తిరిగితే బ్లేడు అటు తిరుగుతుంది. ఇది తెలిస్తే మొనదేలిన మూలల్లో, బుల్లి అక్షరాల్లో కాగితం ఎందుకు పీచుపీచుగా లేస్తుందో అర్థమవుతుంది. బ్లేడు ఆ చోట గిరుక్కున తిరగాలి, స్పీడు ఎక్కువైనా, అంచు అరిగినా, కాగితం నాసిరకమైనా తిరగబోయి చించేస్తుంది. అందుకే పెద్ద పనికి ముందు ఆ కాగితం మూలన ఒక చిన్న చతురస్రం కోసి చూడాలి. ఆ ఒక్క నిమిషం బద్ధకించి ఎన్ని కాగితాలు పాడుచేశానో లెక్కలేదు.

ఒకసారి నలభై ఆహ్వాన పత్రికలు చేయాల్సొచ్చింది, ముందువైపు సన్నటి ఆకుల తీగ. మెషిన్ చక్కగానే కోసింది. మొదటిదాన్ని మ్యాట్ మీంచి ఆత్రంగా పీకాను, తీగ మొత్తం చుట్టచుట్టుకుపోయి రెండు ఆకులు అక్కడే అంటుకుపోయాయి. చేయాల్సింది దానికి తలకిందులు. మ్యాట్‌ని బల్ల మీద బోర్లించి, కాగితాన్ని అరచేత్తో అదిమిపట్టి, మ్యాట్‌ని వెనక్కి వంచుతూ లాగాలి. అప్పుడు కాగితం చదునుగా బల్ల మీదే ఉండిపోతుంది. మిగతా ముప్పై తొమ్మిదీ అలాగే వచ్చాయి, మధ్యలో టీ కూడా తాగాను. ఇదే తీగ చేత్తోనైతే వారం పట్టేది, అసలు మొదలెట్టేదాన్నే కాదు.

సరే, కరెంటు మెషినే అనుకున్నాక ఏది? ఇళ్ళలో వాడేవాటిలో ఎక్కువగా వినిపించేవి మూడు: క్రికట్ (పలకడం ఆట పేరులాగే, ఆటతో సంబంధం లేదు), సిల్హౌట్, బ్రదర్ వాళ్ళ స్కాన్‌ఎన్‌కట్. కోత నాణ్యతలో వీటి మధ్య అంతంతమాత్రం తేడాకి జనం గంటలు గంటలు వాదించుకుంటారు. మామూలు కార్డ్‌స్టాక్ (మందపాటి కార్డు కాగితం), వినైల్ (స్టిక్కర్లకి వాడే ప్లాస్టిక్ షీటు) మీద మూడూ బాగానే కోస్తాయి. నన్నడిగితే మీరు కొనేది అసలు సాఫ్ట్‌వేర్‌ని, మెషిన్ దాని వెంట వచ్చే కొసరు.

క్రికట్‌కి డిజైన్ స్పేస్ అనే యాప్ ఉంది. ఫోన్‌లోనూ నడుస్తుంది, కొత్తవాళ్ళకి సులువు, రెడీమేడ్ డిజైన్లు బోలెడు, కానీ వాటిలో చాలావాటికి నెలనెలా చందా కట్టాలి. మనం తెచ్చుకున్న ఎస్‌వీజీ ఫైళ్ళని (బొమ్మని గీతలుగా దాచే రకం ఫైళ్ళు) ఎక్కించుకోవడం ఉచితమే. ఆ ఉచితం మీద కూడా 2021 మార్చిలో కంపెనీ కన్నేసింది. చందా కట్టనివాళ్ళు నెలకి 20 ఫైళ్ళే ఎక్కించాలన్నారు, వాడేవాళ్ళు భగ్గుమన్నారు, ఆ నెలలోనే వెనక్కి తగ్గారు. తగ్గారు గానీ, డబ్బు పెట్టి కొన్న మెషిన్ తాళంచెవి వేరేవాళ్ళ చేతిలో ఉందని ఆ రోజు అందరికీ అర్థమైంది. ఈ యాప్ చాలామటుకు ఇంటర్నెట్ మీద ఆధారపడుతుంది కూడా, నెట్ సరిగ్గా లేని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

సిల్హౌట్ స్టూడియో కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. గీయడానికి, పాయింట్లు పట్టుకుని సాగదీయడానికి పనిముట్లు ఎక్కువ. మొదటి వారం తలప్రాణం తోకకొస్తుంది, తర్వాత వదలబుద్ధి కాదు. మెలిక ఒకటుంది. ఉచితంగా ఇచ్చే బేసిక్ ఎడిషన్‌లో ఎస్‌వీజీ ఫైలు తెరుచుకోదు, డిజైనర్ ఎడిషన్ కొనాలి. ఒకసారి కడితే సరిపోతుంది, నెలనెలా కాదు. సొంతంగా బొమ్మలు గీసేవాళ్ళు మొహమాటం లేకుండా దీనివైపు రావచ్చు. రెడీగా ఉన్నది నొక్కి కోసుకుంటే చాలు అనేవాళ్ళకి క్రికట్టే హాయి.

స్కాన్‌ఎన్‌కట్ దారి వేరు. దానిలోనే స్కానర్ ఉంది, కాగితం మీద గీసిన బొమ్మని లోపల పెడితే అదే చూసి గీత వెంట కోస్తుంది, కంప్యూటర్ లేకుండానే. స్టాంపు వేసి రంగులద్దే అలవాటున్నవాళ్ళకి, కంప్యూటర్ అంటే టెన్షన్ పడే పెద్దవాళ్ళకి ఇది వరం.

తెలుగులో పేర్లు, మాటలు కోయాలనుకునేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఇంగ్లీషు చేతిరాత ఫాంట్‌లో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి కార్డ్‌స్టాక్‌లో పేరు మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. మన లిపి అలా కాదు. 'అమ్మ' అని కోయండి, మ కింద ఉన్న ఒత్తు విడి ముక్కగా రాలిపోతుంది. 'స్వాగతం' కోస్తే వ ఒత్తు ఒకటి, సున్నా ఒకటి, ఇలా అన్నిటినీ ఏరుకుని గుర్తుపెట్టి అంటించుకోవాలి. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే గుణింతాలు, ఒత్తులు చెల్లాచెదురవుతాయి. నేను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తాను, అది ఉచితం, తెలుగు అక్షరాలు సరిగ్గా కూర్చుతుంది. అక్కడే అక్షరాల్ని గీతలుగా మార్చి, ఒకదానిమీదొకటి పడిన గీతల్ని కలిపేసి, ఒత్తుకీ అక్షరానికీ మధ్య సన్నటి వంతెన గీసి, అప్పుడు ఎస్‌వీజీగా దాచుకుంటాను. కలపడం మర్చిపోతే రెండు గీతలు కలిసే చోట మెషిన్ అడ్డంగా కోసేస్తుంది. గోడ స్టిక్కరైతే ఈ వంతెన బాధ లేదు, స్టిక్కర్‌ని ఎత్తి గోడ మీదికి దించే ట్రాన్స్‌ఫర్ టేపు ముక్కలన్నిటినీ ఉన్నచోటే ఉంచి ఎత్తుతుంది.

సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కార్డులకి పెద్ద మెషిన్ అక్కర్లేదు. ఏ4 కాగితాన్ని సగానికి కోసి మడిస్తే వచ్చే కార్డు 105 ఇంటూ 148 మిల్లీమీటర్లు, నాలుగున్నర అంగుళాల వెడల్పు కోసే క్రికట్ జాయ్ దానికి సరిపోతుంది. మడతపెట్టిన కార్డులో పైరేకు మాత్రమే తెగేలా దానికి ప్రత్యేకంగా మ్యాట్ కూడా ఉంది. ఎనిమిదంగుళాల సిల్హౌట్ పోర్ట్రెయిట్ ఇంకొంచెం వెసులుబాటు. గోడల మీదికి, గుమ్మం మీదికి, కుషన్లకి అంటే మాత్రం 12 అంగుళాలకి తగ్గొద్దు. చిన్నదానిలో ముక్కలుముక్కలుగా కోసి గోడ మీద అతికిస్తే అతుకు దగ్గర కన్ను అక్కడికే పోతుంది, ఎన్నాళ్ళైనా. క్రికట్ మేకర్ 3, ఎక్స్‌ప్లోర్ 3లో స్మార్ట్ వినైల్ పెడితే మ్యాట్ లేకుండా 12 అడుగుల పొడవు దాకా ఒకే విడతలో కోయొచ్చు. కాకపోతే ఆ లాభం ఆ కంపెనీ అమ్మే స్మార్ట్ వినైల్‌కే. మేకర్‌కి ఎక్స్‌ప్లోర్ కంటే పది రెట్లు ఎక్కువ బలం ఉందంటారు, నిజమే, 2.4 మిల్లీమీటర్ల మందం ఉన్న బాల్సా అనే తేలికపాటి చెక్కని కూడా నైఫ్ బ్లేడుతో మెల్లగా, చాలా సార్లు గీసి గీసి కోస్తుంది. కానీ కాగితం, వినైల్ తప్ప ఇంకేమీ ముట్టనివాళ్ళకి ఆ బలం దేనికి? గుడ్డ కోస్తారా, అట్ట కోస్తారా, అప్పుడే మేకర్.

వినైల్‌లోనూ రెండు రకాలు. గోడకైతే తీస్తే ఊడొచ్చే రకం, కప్పులకి, సీసాలకి గట్టిగా పట్టే రకం. తారుమారు చేస్తే స్టిక్కర్‌తో పాటు గోడ రంగూ లేచొస్తుంది. ఇస్త్రీతో అంటించే వినైల్ ఇంకో తలనొప్పి, దాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి కోయాలి. నేను ఒక కుషన్ కవర్‌కి మాట మొత్తం కోసి, చుట్టుపక్కల అనవసరమైనదంతా హుక్కుతో గంటసేపు ఏరి, ఇస్త్రీపెట్టె వేడెక్కాక చూస్తే, తిరగేయడం మర్చిపోయానని తెలిసింది. ఆ ముక్క ఇప్పటికీ డ్రాయర్‌లో ఉంది, పారేయబుద్ధి కాలేదు.

లేజర్ మెషిన్లు కూడా చూస్తుంటారు జనం. చెక్క, యాక్రిలిక్ పనికి వాటికి సాటి లేదు, కానీ పొగ బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, మామూలు పీవీసీ వినైల్ అందులో అసలు పెట్టకూడదు, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషికీ చేటు, మెషిన్‌కీ చేటు. వంటింటి పక్క బల్ల మీద కార్డులు చేసుకునేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కాబట్టి నా లెక్క ఇది. నెలకి రెండు మూడు కార్డులైతే కత్తి. అవే ఆకారాలు మళ్ళీ మళ్ళీ, ఉబ్బెత్తు డిజైన్లతో అయితే హ్యాండిల్ డై. పేర్లు, గోడ అక్షరాలు, పాతికకి మించిన పత్రికలు అయితే 12 అంగుళాల కరెంటు మెషిన్, గీయడం వస్తే సిల్హౌట్, రాకపోతే క్రికట్ ఎక్స్‌ప్లోర్. కొనేటప్పుడు బడ్జెట్ మొత్తం మెషిన్‌కే పెట్టేయకండి. మ్యాట్ జిగురు పోతుంది, బ్లేడు అరుగుతుంది, రంగురంగుల కాగితం అయిపోతూనే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని పాత క్రికట్ కొంటుంటే మాత్రం కార్ట్రిడ్జ్ (బొమ్మలు నింపిన చిన్న డబ్బా) పెట్టే రకమేమో చూసుకోండి. వాటికుండే క్రాఫ్ట్ రూమ్ సాఫ్ట్‌వేర్‌ని 2018లో మూసేశారు, ఇప్పటి డిజైన్ స్పేస్‌తో అవి పనిచేయవు, కార్ట్రిడ్జ్‌లో ఉన్న బొమ్మలే గతి. కొత్త రకమైతే పాత యజమాని ఎదురుగానే మీ ఫోన్‌కి కలిపి, మ్యాట్ మీద ఒక కాగితం పెట్టి, ఒక నక్షత్రం కోయించి చూడండి. ఐదు మొనలూ పీచు లేకుండా వస్తే తీసుకోండి.