మత్తు ప్రభావంతో పుట్టిన పసికందులకు వైద్యం: విశాఖ ఎంవీపీ కాలనీ వైపు ఓ ప్రైవేట్ ఆసుపత్రి నర్సరీ

నర్సుల చెయ్యి మంచిది, డిశ్చార్జి పద్ధతే బాగోలేదు.

హెరాయిన్, బ్యూప్రెనార్ఫిన్ (హెరాయిన్ లాంటి అలవాటు మాన్పడానికి ఇచ్చే మందు) లాంటివి వాడిన తల్లుల బిడ్డల్ని ఇక్కడ తల్లి పక్కనే ఉంచుతున్నారు. సగం వైద్యం అదే. గదిలో వెలుతురు తక్కువ, మానిటర్ మోత తక్కువ. చేతులు ఛాతీ మీదకి తెచ్చి పొత్తిగుడ్డలో చుట్టడం ఆయాలకు కూడా బాగా వచ్చు. పాలు పట్టిన ప్రతిసారీ మూడే చూస్తారు: సరిగ్గా తాగిందా (సీసా అయితే కనీసం 30 మి.లీ.), గంటసేపు నిద్రపోయిందా, ఏడిస్తే 10 నిమిషాల్లో ఊరుకుందా. లేదంటే ముందు ఎత్తుకునే మనుషుల్ని పెంచాలి, మార్ఫిన్ చుక్కలు (బిడ్డ ఇబ్బంది తగ్గించే మందు) ఆ తర్వాత. రాత్రి షిఫ్టులో మనుషులే తక్కువ, అందుకే మందు మాట తొందరగా వస్తోంది.

అసలు ఇబ్బంది రెండో రోజే ఇంటికి పంపేయడం. తల్లి నుంచి అందే మత్తు ఆగిపోవడంతో బిడ్డకి వచ్చే లక్షణాలు హెరాయిన్ అయితే సాధారణంగా 24 గంటల్లోపే బయటపడతాయి, బ్యూప్రెనార్ఫిన్‌వి రెండు మూడు రోజులకి. వణుకు, విరేచనాలు ఇంటికెళ్లాక మొదలైతే ఎవరు చూస్తారు? కనీసం నాలుగు రోజులు ఉంచమని గట్టిగా అడగండి.

లేబర్ రూమ్‌లో మాత్రం ఒక కాగితం అంటించారు: ఇలాంటి తల్లి బిడ్డకి నలోక్సోన్ (మత్తుని ఒక్కసారిగా విరిచే మందు) ఇవ్వొద్దు, ఫిట్స్ రావచ్చు. మెచ్చుకోవాలి. తల్లి మత్తు అలవాటు మాన్పే చికిత్సలో నిలకడగా ఉంటే డబ్బాపాలు అంటగట్టకుండా తల్లిపాలే పట్టిస్తున్నారు.